మసకబారిన హెడ్‌లైట్లు ఇంట్లోనే బాగు చేయడం: తార్నాకలో ఒక పాత కారు కేసు

పసుపు పట్టిన హెడ్‌లైట్‌ని మెరిపించడం పెద్ద కష్టమేం కాదు, ఓపికుంటే ఒక్క పూటలో ఎవరైనా మెరిపించొచ్చు. ఆ మెరుపు మన హైదరాబాద్ ఎండకి తట్టుకుని నిలబడాలి కదా, చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. రుద్దడంతో పని అయిపోయిందనుకుని డబ్బులిచ్చి వెళ్లిపోతారు, కొన్ని నెలలకే మళ్లీ అదే పసుపు, ఈసారి ఇంకాస్త ముదురుగా. నేను నాచారం, హబ్సిగూడ వైపు కార్ డీటైలింగ్ చేస్తుంటాను, ఈ బాధతో వచ్చే కార్లు చాలానే చూస్తాను. అందుకే ఒక కేసు మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను: ఏం చూశాం, ఏం చేశాం, ఎందుకలా చేశాం, ఎండాకాలం దాటాక ఎలా ఉంది. మెషీన్ ఏదీ వాడలేదు కాబట్టి ఇంట్లో చేసుకునేవాళ్లకి నేరుగా పనికొస్తుంది.

కారు 2012 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. హెచ్4 రకం హాలోజన్ బల్బులు, మామూలు రిఫ్లెక్టర్ రకం లైట్లు, అంటే బల్బు వెనకున్న వెండి పూత గిన్నె వెలుగుని ముందుకి కొడుతుంది. ఓనర్ రిటైరైన లెక్చరర్, తార్నాకలో అపార్ట్‌మెంట్. సొంతూరు జనగామ దగ్గర. పొలం చూసుకుని సాయంత్రం బయల్దేరి వరంగల్ హైవే మీద రాత్రికి ఇల్లు చేరుతుంటారు. ఆయన చెప్పింది ఒక్కటే మాట, "బాబూ, ఎదుటి నుంచి బండి వస్తే నాకు రోడ్డే కనిపించట్లేదు." కంటి డాక్టర్‌కి చూపించుకుంటే కళ్లద్దాల నంబర్ కూడా మారలేదట. భువనగిరి దగ్గరా, ఆ పైనా వీధి లైట్లు లేని చోట్లు ఉంటాయి, వెనక లైటు లేని ట్రాక్టర్లు, రోడ్డు దాటే బర్రెలు ఉంటాయి. అలాంటి చోట లైటు సరిగ్గా పడకపోతే ఎంత ప్రమాదమో ఆ దారిన వెళ్లేవాళ్లకి చెప్పక్కర్లేదు. ఈ పనిని నేను అందం కోసం చేసే పనిగా ఎప్పుడూ చూడలేదు. అమెరికాలో వాహనదారుల సంఘం ఏఏఏ 2018లో పరీక్ష చేయించినప్పుడు, బాగా పాడైన హెడ్‌లైట్ కొత్తదానితో పోలిస్తే ఐదో వంతు వెలుగే ఇస్తోందని తేలింది. ఐదో వంతు! పైగా మిగతా వెలుగు ఊరికే పోదు, మసక అద్దంలో చెదిరి పైకీ పక్కకీ కొట్టి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. మనకి కనిపించదు, వాళ్లకి చూడనివ్వదు.

నేను వెళ్లేసరికే ఆ లైట్ల మీద చాలా ప్రయోగాలు జరిగిపోయాయి. మొదట టూత్‌పేస్టు. పేస్టులో సన్నటి రాపిడి పొడి ఉంటుంది కాబట్టి పైపైన మసక కొంత పోతుంది, అంతకు మించి దానికి శక్తి లేదు. తర్వాత రోడ్డు పక్కన ఒకతను ఆవిరి పట్టాడట, వేడి చేసే కప్పులో మందు పోసి, గొట్టంలోంచి వచ్చే ఆవిరి లైటు మీద పట్టిస్తారు చూడండి, అది. పది నిమిషాల్లో కొత్త లైటులా అయిందట, సార్‌కి అప్పుడు చాలా సంతోషం వేసిందట. ఆ సీసాల్లో చాలావాటిలో ఉండేది డైక్లోరోమీథేన్ లాంటి క్లోరిన్ ద్రావకం. ఆ ఆవిరి ప్లాస్టిక్ పైపొరని కాస్త కరిగిస్తుంది, కరిగింది సర్దుకుని నున్నగా అవుతుంది, అందుకే ఆ మెరుపు. కానీ పైన కాపాడే పూత ఏదీ ఉండదు, కరిగిన పొర లోపల ఒత్తిడి మిగిలి తర్వాత సన్నటి పగుళ్లు రావచ్చు. ఆ ఆవిరి పీల్చడం ఆరోగ్యానికి మంచిది కాదు, రోడ్డు మీద మాస్కు కూడా లేకుండా పట్టే కుర్రాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. డీట్ ఉన్న దోమల స్ప్రే కొట్టి తుడిచే వీడియోలు కూడా తిరుగుతున్నాయి, అదీ ఇదే కథ, ప్లాస్టిక్‌ని కరిగించి చూపించే మెరుపు.

ఇవన్నీ అయ్యాక ఎవరో షాపువాళ్లు 100/90 వాట్ల బల్బులు, అంటే హైబీమ్‌కి 100, లోబీమ్‌కి 90, వేసి పంపారు. బానెట్ ఎత్తి కనెక్టర్ లాగి చూస్తే ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి, ఒక పిన్ను దగ్గర కమిలి ఉంది. హెచ్4 బల్బుకి మామూలు లెక్క 60/55 వాట్లు, వైరింగూ హోల్డరూ ఆ లెక్కకే ఉంటాయి. మసక అద్దం వెనక ఎంత పెద్ద బల్బు పెట్టినా చెదిరే వెలుగే పెరుగుతుంది తప్ప రోడ్డు మీద పడేది పెద్దగా పెరగదు. వేడి మాత్రం రిఫ్లెక్టర్‌కీ అద్దానికీ లోపల్నుంచి తగులుతూ ఉంటుంది.

ఏ లైటైనా రుద్దే ముందు నేను చేసే పరీక్ష ఒకటుంది, ఖర్చు లేనిది. లైటు మీద మగ్గుతో నీళ్లు పోసి, తడిగా ఉండగానే లోపలికి చూడాలి. తడిసినప్పుడు అద్దం తేటపడితే లోపం బయట పొరలో ఉన్నట్టు. గీతల్లో గాలి బదులు నీళ్లు నిండితే వెలుగు అంతగా చెదరదు, అందుకే తేటగా కనిపిస్తుంది. తడిసినా మసక అలాగే ఉంటే లోపలి వైపు పాడైనట్టు, లేదా సీలు పోయి తేమ చేరినట్టు, అప్పుడు బయట ఎంత రుద్దినా దండగ. సార్ కారుకి నీళ్లు పోయగానే రెండు లైట్లూ బాగా తేటపడ్డాయి. రిఫ్లెక్టర్ వెండి పూత కూడా లేవలేదు. అంటే చేయదగ్గ కేసు.

ఎడమ లైటు కుడిదాని కంటే బాగా ఎక్కువ పాడై ఉంది, అది ఊరికే కాదు. సార్ పార్కింగ్ స్టిల్ట్ (అపార్ట్‌మెంట్ కింద స్తంభాల మధ్య ఖాళీ) అంచున ఉంటుంది, కారు ముక్కు స్లాబు దాటి బయటికి వస్తుంది, పడమర ముఖంగా. అంటే ఎడమ లైటు దక్షిణం వైపు. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ భాగం సూర్యుడు దక్షిణానికి వాలే ఉంటాడు, పైగా మధ్యాహ్నం నుంచి పడమటెండ సూటిగా ముక్కు మీదే. ఎడమ లైటు పై అంచులో పాత పూత సున్నం పెచ్చుల్లా లేచిపోయి, గోరు పెడితే అంచు తగులుతోంది. సార్ వాళ్లబ్బాయితో అప్పుడే చెప్పాను, పని అయ్యాక కారుని వెనక్కి తిప్పి పెట్టండి, ముక్కు నీడలోకి వెళ్లేలా అని. పైసా ఖర్చు లేని ఈ ఒక్క మార్పు లైటు ఆయుష్షుని చాలా పెంచుతుంది, కానీ ఎవరూ దీన్ని పని కింద లెక్కేయరు.

అసలు ఈ పసుపు ఎందుకొస్తుందో కాస్త తెలిస్తే మిగతా పనంతా తేలిగ్గా అర్థమవుతుంది. అంబాసిడర్, పద్మిని కార్లకి ముందు గాజు దీపాలు ఉండేవి. గాజు ఎండకి పచ్చబడదు, అందుకే వాటికి ఈ సమస్యే లేదు. ఇప్పటి లైట్లు పాలికార్బొనేట్, జర్మనీలో బేయర్ కంపెనీలో హెర్మన్ ష్నెల్ 1953లో తయారుచేసిన ప్లాస్టిక్. తేలిక, ఏ ఆకారానికైనా ఒదుగుతుంది, రాయి తగిలినా గాజులా పగిలి ముక్కలవ్వదు. కానీ దీనికి రెండు బలహీనతలు, తొందరగా గీతలు పడుతుంది, ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలకి దాని అణువుల గొలుసులు తెగి పసుపెక్కుతుంది. అందుకే ఫ్యాక్టరీలోనే పైన గట్టి, సన్నటి యూవీ పూత వేసి పంపిస్తారు. ఆ పూత ఉన్నంతకాలం లైటు బాగుంటుంది. ఎండకీ, దుమ్ముకీ, పొద్దున్నే వాచ్‌మన్ అదే మురికి గుడ్డతో తుడిచే తుడుపుకీ ఆ పూత ఏళ్ల తరబడి అరిగి, పగిలి, అక్కడక్కడా లేస్తుంది. మనకి కనిపించే మసకలో చాలా భాగం ఆ చచ్చిపోయిన పూతే. కాబట్టి పని రెండు భాగాలు: చచ్చిన పూతని పూర్తిగా తీసేయడం, దాని స్థానంలో కొత్త పూత వేయడం. మధ్యలో మెరిపించడం అనేది ఈ రెండింటినీ కలిపే మెట్టు, అంతే.

సామాను విషయానికొస్తే, తడిపి రుద్దే వాటర్ పేపర్ 600, 800, 1000, 1500, 2000, 3000 నంబర్లు (నంబర్ పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది), మాస్కింగ్ టేపు, చిన్న స్పాంజి ముక్క, రబ్బింగ్ కాంపౌండ్, ఫైన్ పాలిష్, మంచి మైక్రోఫైబర్ గుడ్డలు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, హెడ్‌లైట్ల కోసమే అమ్మే చేత్తో రాసే యూవీ పూత. పేపర్లూ టేపూ రాణిగంజ్‌లో ఒక్క వరుసలో తిరిగితే అన్నీ దొరుకుతాయి, పెద్ద నంబర్లు మాత్రం పెయింటర్లకి సామాను అమ్మే షాపుల్లో అడగాలి. మొత్తం ఖర్చు కొత్త లైటు సెట్‌తో పోలిస్తే చాలా తక్కువ.

టైము గురించి గట్టిగా చెప్తాను. మే నెల మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు, లైటు వేడెక్కి ఉంటే పూత రాస్తుండగానే ఆరిపోయి చారలు పడతాయి. వాన ముసురులో కూడా వద్దు, గాలిలో తేమకి కొన్ని పూతలు తెల్లబారతాయి. మేము చలికాలంలో, పొద్దున, నీడలో పెట్టుకున్నాం. ముందు స్టిల్ట్ నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణిచాం, పక్క వీధిలో కట్టడం పని జరుగుతోంది, ఆ దుమ్ము తడి పూత మీద పడితే మళ్లీ మొదటికొస్తుంది.

లైటు చుట్టూ బంపర్, ఫెండర్, బానెట్ అంచులకి టేపు మూడు పొరలు వేశాం. ఒక్క పొర చాలదు, 600 పేపర్ రెండు లాగుళ్లకే టేపు చింపి పెయింట్ మీదికి వెళ్తుంది. లైటుని షాంపూ నీళ్లతో కడిగాం. పేపర్లు నీళ్లలో నానబెట్టుకున్నాం. ఇక్కడ బోరు నీళ్ల సంగతి. హైదరాబాద్‌లో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పు నీళ్లే, ఆరితే తెల్ల మచ్చలు. రుద్దడానికి ఏ శుభ్రమైన నీళ్లైనా ఫర్వాలేదు, చివరి కడుగు మాత్రం తాగే నీళ్లతో చేయండి. ఆర్వో ఫిల్టర్ నుంచి బయటికి పారేసే నీళ్లు బకెట్‌లో పట్టి కార్లు కడుగుతుంటారు కొందరు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ ఉంటుంది, లైట్ల దగ్గరికి వాటిని రానివ్వకండి.

ఇక రుద్దడం. పనిలో ముఖ్యమైన భాగం ఇదే, ఇక్కడ తొందరపడితే తర్వాత ఏదీ సరిచేయదు. ఎడమ లైటుకి పూత పెచ్చులు లేస్తోంది కాబట్టి 600తో మొదలుపెట్టాం, కుడిదానికి 800 సరిపోయింది. పేపర్‌ని వేళ్లతో నొక్కకూడదు, వేలి గుర్తుల్లా గుంటలు పడతాయి, వెనక స్పాంజి పెట్టి అరచేత్తో సమంగా నడపాలి. 600 అడ్డంగా రుద్దితే 800 నిలువుగా రుద్దాలి, 1000 మళ్లీ అడ్డంగా. ఇలా దిశ మారిస్తే పాత నంబర్ గీతలు ఇంకా మిగిలాయా లేదా కళ్లకి కనిపిస్తుంది, అన్నీ ఒకే వైపు రుద్దితే ఏ గీత ఏ నంబర్‌దో దేవుడికే తెలియాలి. నీళ్లు ఆగకుండా పోస్తూ ఉండాలి.

కారే నీళ్ల రంగు చూస్తూ ఉండండి. మొదట్లో పసుపు పాలలా వస్తుంది, అది చచ్చిన పూత. కాసేపటికి రంగు తగ్గి తెల్లగా వస్తుంది, అంటే అసలు ప్లాస్టిక్ తగులుతోంది. ఇక్కడే చాలామంది అయిపోయిందనుకుంటారు. ఆగి, పొడి గుడ్డతో పూర్తిగా తుడిచి, పక్క నుంచి ఫోన్ టార్చి వేసి చూడాలి. పూత మిగిలిన చోట దీవుల్లా అంచులు కనిపిస్తాయి, చుట్టూ మాట్‌గా ఉంటే ఆ మచ్చ మాత్రం కాస్త మెరుస్తుంది. ఆ దీవులు ఒక్కటి కూడా మిగలకూడదు. మిగిలితే దాని మీద వేసే కొత్త పూత కూడా దానితోపాటే లేస్తుంది, మళ్లీ పసుపెక్కడం కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. సార్ ఎడమ లైటు పై అంచులోనూ, బానెట్ కింద దాక్కున్న మూలలోనూ ఆ దీవులు చాలాసేపు వదల్లేదు. సార్ వాళ్లబ్బాయి అప్పటికి బాగా అలిసిపోయి, మొత్తం లైటు పాలగాజులా తెల్లగా అయిపోయింది చూసి భయపడ్డాడు, "అన్నా, ముందున్నదాని కంటే అన్యాయంగా అయింది కదా, ఇది మళ్లీ తేటపడుతుందా?" అన్నాడు. ప్రతి ఇంట్లో ఈ దశలో ఈ టెన్షన్ వస్తుంది. భయపడి మధ్యలో ఆపి పాలిష్‌కి వెళ్లిపోవద్దు. లైటంతా ఒకే తీరు మాట్‌గా, మచ్చ లేకుండా తెల్లబడితే పని సరైన దారిలో ఉన్నట్టే.

ఆ తర్వాత 1000, 1500, 2000, 3000 వరుసగా. ప్రతి నంబర్‌కీ ముందు నంబర్ గీతలు పూర్తిగా పోయే దాకా, నంబర్ మార్చినప్పుడల్లా లైటూ స్పాంజీ కడిగి, బకెట్‌లో నీళ్లు మార్చాలి. 600 పేపర్ నుంచి రాలిన ఒక్క గరుకు రవ్వ 2000 దగ్గర దొర్లిందంటే కొత్త గీత పడుతుంది. మధ్యలో నంబర్లు దాటేయాలని ఆశ పుడుతుంది, 800 నుంచి నేరుగా 2000కి వెళ్దామని. అలా వెళ్తే పగలు బానే కనిపిస్తుంది, రాత్రి లైటు వేయగానే లోపల గీతలన్నీ వెలుగుతాయి. 3000 అయ్యేసరికి లైటు తడిగా ఉంటే పూర్తి తేటగా, ఆరితే పల్చటి పొగలా ఉంటుంది.

కాంపౌండ్ చేత్తోనే పట్టాం, చిన్న చిన్న చోట్లుగా, గుండ్రంగా, గట్టిగా. ఆ తర్వాత ఫైన్ పాలిష్. డ్రిల్ మెషీన్‌కి చిన్న ఫోమ్ ప్యాడ్ తగిలించి చేస్తే పని తొందరగా అవుతుంది కానీ ఒకేచోట ఆపితే రాపిడి వేడికి ప్లాస్టిక్ పైపొర మెత్తబడి చెడుతుంది. మెషీన్ వాడేవాళ్లు మధ్యమధ్యలో చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా దాటకూడదు.

ఇప్పుడు లైటు గాజులా ఉంది. చాలామంది ఇక్కడే ఫోటో తీసి ముగిస్తారు. కానీ ఈ క్షణంలో ఆ లైటు పరిస్థితి మేము మొదలుపెట్టిన దానికంటే బలహీనం, ఎందుకంటే మిగిలిన కాస్త యూవీ పూతని కూడా మన చేతులతో మనమే తీసేశాం. ఒట్టి పాలికార్బొనేట్ ఎండలో నిలబడి ఉంది. దీన్ని ఇలా వదిలేస్తే ముందు కన్నా వేగంగా పసుపెక్కుతుంది.

పైన ఏం వేయాలన్నదానికి నాలుగైదు దార్లున్నాయి, అన్నీ ఇంట్లో చేసేవి కావు. అన్నిటికన్నా గట్టిది టూకే క్లియర్ కోట్, అంటే పెయింట్ షాపుల్లో గట్టిపడే మందు కలిపి కొట్టే క్లియర్. సరిగ్గా వేస్తే ఏళ్లు నిలుస్తుంది. కానీ ఆ గట్టిపడే మందులో ఐసోసయనేట్లు ఉంటాయి, స్ప్రే తుంపర పీలిస్తే ఆస్తమా తెప్పించగలవు, మామూలు గుడ్డ మాస్కూ సర్జికల్ మాస్కూ దాన్ని ఆపవు. పిల్లలు ఆడుకునే స్టిల్ట్‌లో దాన్ని కొట్టడానికి నేను ఒప్పుకోను. సరైన రెస్పిరేటర్, బూత్ ఉన్న పెయింటర్ దగ్గర చేయించండి. చేయిస్తే మాత్రం ఒక విషయం గుర్తుంచుకోండి, దానికి ముందు పాలిష్ చేయకూడదు, 1000 దగ్గరే ఆపాలి, క్లియర్ ఆ గరుకు పట్టుకునే నిలుస్తుంది, ఆ సన్నటి గీతల్ని అదే నింపేస్తుంది. ముందు అద్దంలా మెరిపించి దాని మీద క్లియర్ కొడితే పొరలా ఊడొస్తుంది. అంటే రుద్దడం ఏ నంబర్ దగ్గర ఆపాలన్నది పైన వేసే పూతని బట్టి ముందే తేల్చుకోవాలి.

హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు క్లియర్ లాకర్ స్ప్రే డబ్బా వద్దు. అన్నిట్లో యూవీ రక్షణ ఉండదు, వాటిలో కొన్ని ద్రావకాలు పాలికార్బొనేట్‌కి పగుళ్లు తెస్తాయి. వ్యాక్స్ రాస్తే తప్పేం లేదు కానీ అది వారాల ముచ్చట, పదే పదే రాసే ఓపికున్నవాళ్లకే. పీపీఎఫ్, అంటే పెయింట్ మీద వేసే పారదర్శక ఫిల్మ్, లైట్ల మీద కూడా చాలా బాగా పనిచేస్తుంది, ఎండనీ రాళ్ల దెబ్బనీ రెండింటినీ ఆపుతుంది, కానీ ఆ గుండ్రటి ఒంపుల మీద ముడత లేకుండా వేయడానికి చెయ్యి తిరిగి ఉండాలి.

సార్‌ది ఇంటి పని, వాళ్లబ్బాయి నేర్చుకుని తర్వాత తనే మళ్లీ వేసుకోవాలి. అందుకని చేత్తో రాసే యూవీ పూతనే ఎంచుకున్నాం. టూకే అంత గట్టిది కాదు, అయినా మళ్లీ వేయడం తేలిక, ప్రమాదం తక్కువ. రాసే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాలిష్ నూనెంతా తుడిచాం, ఒక గుడ్డతో తడి, వెంటనే ఇంకో గుడ్డతో పొడి. థిన్నర్, ఎసిటోన్, పెట్రోల్ ఏవీ ఈ ప్లాస్టిక్‌కి తగలకూడదు, ఎసిటోన్ అయితే చూస్తుండగానే తెల్లబార్చి పగులు తెస్తుంది. మూలల్లో, టేపు అంచుల దగ్గర నీటి చుక్క దాక్కుని ఉంటుంది, పూత రాస్తుంటే అది బయటికి జారి చార పడుతుంది. అందుకే పాత టేపు తీసి, అంచులు ఆరబెట్టి, కొత్త టేపు వేశాం. పూత ఒక వైపు నుంచి మొదలుపెట్టి ఒకే దిశలో, ఒక చార మీద ఇంకో చార సగం ఎక్కేలా రాసుకుంటూ వెళ్లాలి, ఆరడం మొదలైన చోట మళ్లీ ముట్టుకోవద్దు. డబ్బా మీద చెప్పినంత సేపు ఆగి రెండో పొర.

ఆ తర్వాత రోజంతా దానికి నీళ్లు తగలకూడదు. ఇది వాచ్‌మన్‌కి చెప్పకపోతే తెల్లవారుజామునే బకెట్‌తో వచ్చి కడిగేస్తాడు, అతని తప్పేం లేదు, రోజూ చేసే పనే. సార్ స్వయంగా చెప్పారు, వైపర్ కింద కాగితం కూడా పెట్టారు. తర్వాత కడిగేటప్పుడు కూడా లైట్లకి వేరే శుభ్రమైన గుడ్డ వాడమని ఒక మైక్రోఫైబర్ అతనికే ఇచ్చారు.

బల్బులు 60/55కి మార్చాం, రెండూ ఒకేసారి. గాజు భాగాన్ని వేళ్లతో ముట్టుకోలేదు, చేతి జిడ్డు అంటితే అక్కడ వేడి పేరుకుని బల్బు తొందరగా పోతుంది. కాలిన కనెక్టర్ ఎలక్ట్రీషియన్‌తో మార్పించారు. దీన్ని వదిలేస్తే లైటెంత తేటగా ఉన్నా లాభం లేదు, కమిలిన పిన్ను దగ్గర వోల్టేజీ పడిపోతుంది, హాలోజన్ బల్బుకి వోల్టేజీ కొంచెం తగ్గినా వెలుగు బాగా పడిపోతుంది.

ఆ రాత్రి సెల్లార్ గోడ మీద చూశాం. పనికి ముందు రాత్రి కూడా అదే చోట కారు నిలబెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఫోన్‌లో వెలుగు కొలిచే లక్స్ యాప్‌తో గోడ మీద గుర్తు పెట్టిన చోట కొలిచి ఫోటో తీసి పెట్టుకున్నాం. ఫోన్ యాప్ చూపించే అంకె అసలు కొలతగా నమ్మదగ్గది కాదు, కానీ అదే ఫోన్, అదే చోటు, అదే దూరం అయితే ముందూ వెనకా పోల్చడానికి పనికొస్తుంది. తక్కువ వాట్ల బల్బులతో కూడా అంకె రెట్టింపు దాటింది. అంతకన్నా నాకు ముఖ్యంగా అనిపించింది లోబీమ్ గీత, అంటే గోడ మీద వెలుగు ఆగి పైన చీకటి మొదలయ్యే అంచు. ముందు గోడ మీద పసుపు మబ్బు తప్ప ఏ ఆకారమూ లేదు, ఇప్పుడు కుడివైపు సమంగా వచ్చి ఎడమ వైపు పైకి లేచే గీత స్పష్టంగా పడింది. మన దేశంలో ఎడమ వైపు నడుపుతాం కాబట్టి ఆ ఎడమ వైపు లేవడమే రోడ్డు అంచున నడిచేవాళ్లని చూపించేది, కుడివైపు కిందికి ఉండటమే ఎదుటివాడిని కాపాడేది.

గీత కనిపించాక ఇంకో సంగతి బయటపడింది, లైట్లు రెండూ బాగా పైకి చూస్తున్నాయి. మసకగా ఉన్నప్పుడు కనిపించట్లేదని ఎవరో స్క్రూ తిప్పి పైకి ఎత్తినట్టున్నారు. ఇప్పుడు ఆ తేటదనంతో అలాగే వదిలేస్తే ఎదుటి బండివాడికి నరకం. చదునైన నేల మీద గోడకి 5 మీటర్ల దూరంలో కారు పెట్టి, నేల నుంచి లైటు మధ్య వరకు ఎత్తు కొలిచి, గోడ మీద అదే ఎత్తున గీత గీసి, లోబీమ్ అంచు ఆ గీతకి సుమారు 5 సెంటీమీటర్ల కిందకి వచ్చేలా స్క్రూ తిప్పాం. లైట్లు రుద్దిన ప్రతివాళ్లూ ఈ చివరి పని చేయాలి. లోపల డ్యాష్‌బోర్డ్ దగ్గర లెవెల్ తిప్పే చక్రం ఉంటే అది సున్నా మీద పెట్టి ఈ సర్దుబాటు చేయాలి.

తర్వాతి వారం సార్ జనగామ నుంచి వస్తూ ఘట్‌కేసర్ దగ్గర ఆగి ఫోన్ చేశారు. "బాబూ, రోడ్డు మధ్య తెల్ల గీత కనిపిస్తోంది" అన్నారు. అంతకు ముందు అది కనిపించడమే మానేసిందని ఆయన నాకెప్పుడూ చెప్పలేదు.

ఎండాకాలం అంతా గడిచాక, జూన్‌లో వానలు మొదలవకముందు మళ్లీ వెళ్లి చూశాను. కుడి లైటు వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఎడమదానిలో పసుపు లేదు కానీ పై అంచున బొటనవేలంత మేర కాస్త పొగలా ఉంది, గోరు పెడితే అంచు తగల్లేదు, అంటే పూత లేవలేదు, అరిగింది. కారు వెనక్కి తిప్పి పెట్టడం మార్చి దాకా చేశారట, తర్వాత పక్కింటివాళ్ల కొత్త కారు అడ్డం వచ్చి మళ్లీ ముక్కు బయటికే పెట్టాల్సి వచ్చింది. సార్ వాళ్లబ్బాయి 3000 పేపర్‌తో ఆ అంచు వరకు తేలిగ్గా రుద్ది, పాలిష్ పట్టి, లైటు మొత్తానికి ఒక పొర పూత తనే వేశాడు, నేను పక్కన నిలబడి చూశాను అంతే. మొదటిసారి పడిన శ్రమలో పదో వంతు కూడా పట్టలేదు. ఇలా ఏడాదికోసారి, ఎండాకాలానికి ముందే, పసుపు కనిపించక ముందే పూత వేసుకుంటే మళ్లీ 600 పేపర్ ముట్టుకోవాల్సిన పని రాదు.

అన్ని లైట్లకీ ఇది పనికిరాదు. తడిపి చూసినప్పుడు కూడా సాలెగూడులా సన్నటి పగుళ్లు లోపలికి దిగి కనిపిస్తే అవి రుద్దితే పోవు, వాటికి కొత్త లైటే దారి. రిఫ్లెక్టర్ వెండి పూత నల్లబడినా, లోపల వానాకాలంలో నీళ్లు నిలబడినా అంతే. వారంటీలో ఉన్న కారు అయితే పేపర్ పట్టుకునే ముందు సర్వీస్ వాళ్లని అడగండి. కొత్త కారు కొన్నవాళ్లకి, ముఖ్యంగా సీలు చేసిన ఎల్ఈడీ లైట్లున్న కార్లవాళ్లకి, ఆ లైట్ల ధర ఒకసారి కనుక్కోమంటాను, చాలా ఎక్కువ ఉంటుంది. కొన్న నెలలోనే రెండు లైట్ల మీదా పీపీఎఫ్ వేయించుకోండి. ఫ్యాక్టరీ పూత చెక్కుచెదరకుండా కింద ఉంటుంది, ఎండ దెబ్బ ఫిల్మ్ తింటుంది, పాడైతే ఫిల్మ్ మార్చుకుంటారు. సార్ ఎడమ లైటుకి కూడా వచ్చే చలికాలంలో ఫిల్మే వేద్దామని మాట్లాడుకున్నాం, ఆ పడమటెండ చోటు మారే అవకాశం ఇప్పట్లో లేదు కాబట్టి.